20 వేల శాక్సాఫోన్ కొనొచ్చా, ఆగి మంచిదే కొనాలా?

బెజవాడ నాన్న:
అందరికీ నమస్కారం. మా పాపకి 13 ఏళ్లు. నాలుగేళ్లుగా కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది, ఇప్పుడు వర్ణాలు పాడుతోంది. మొన్న మాఘమాసంలో మా బంధువుల పెళ్లిలో సన్నాయి బదులు శాక్సాఫోన్ పెట్టించారు. ఆయన హంసధ్వని వాయిస్తుంటే మా పిల్ల భోజనాలకి కూడా లేవలేదు. అప్పటినుంచి ఇంట్లో అదే మాట. ఆయన్నే అడిగాం. వారానికి రెండు రోజులు చెబుతానన్నారు, వాయిద్యం మాత్రం మీరే తెచ్చుకోండి అన్నారు.

ఆన్‌లైన్‌లో కొత్త ఆల్టో (మధ్యరకం సైజు శాక్సాఫోన్) 18 వేలకి, 20 వేలకి దొరుకుతోంది. పెట్టె, మౌత్‌పీస్, రీడ్లు (మౌత్‌పీస్‌కి బిగించే పల్చటి పుల్లలు, ఊదితే అదిరేవి), మెడపట్టీ అన్నీ అందులోనే. యమహా వైఏఎస్-280 అడిగితే లక్ష దాటి చెప్పారు. నాది ప్రైవేటు ఉద్యోగం. లక్ష పెట్టాక ఆరు నెలల్లో మానేస్తే ఏం చేయాలి? 20 వేలది కొంటే అది పలకక పిల్ల మనసు విరిగిపోతే ఏం చేయాలి? రెండు రకాలుగానూ టెన్షన్‌గానే ఉంది. వాడినవాళ్లు చెప్పండి.

బ్యాండుమేళం తమ్ముడు:
కొనెయ్యండి అన్నా. మా నాన్న గుంటూరు దగ్గర బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించేవాడు. నేను శాక్స్ నేర్చుకుంటానంటే 14 వేలు పెట్టి కొత్తది తెచ్చాడు. దాని మీద పేరు ఎవరూ విననిది. ఆ వాయిద్యంతోనే ఆరు పెళ్లిళ్ల సీజన్లు తిరిగాను. రెండేళ్లకి పెట్టిన డబ్బు వచ్చేసింది. ఊరేగింపులో ఎండలో, దుమ్ములో, టపాసుల మధ్య నిలబడి వాయించాం. లక్ష రూపాయల వాయిద్యం అయితే అక్కడికి తీసుకెళ్లడానికే భయపడేవాణ్ని.

చేతిలో వాయిద్యం ఉంటేనే విద్య వస్తుంది. డబ్బు కూడాక కొందాం అని మూడేళ్లు ఆగితే పాపకి ఇంటర్ వస్తుంది, ఇక శాక్సాఫోన్ మాట ఎవరూ ఎత్తరు. మా వీధిలో ఇద్దరు పిల్లలు అలాగే ఆగిపోయారు.

డల్లాస్ నుంచి ఒక అమ్మ:
నేను వద్దంటాను. మా అబ్బాయి ఆరో తరగతిలో స్కూలు బ్యాండులో చేరినప్పుడు మేమూ ఇలాగే ఆన్‌లైన్‌లో చవకది తెప్పించాం. బంగారు రంగులో మెరిసిపోయింది. మూడో వారానికి ఒక మీట తీగ ఊడింది, కింది స్వరాలు రావడం మానేశాయి. రిపేరు షాపుకి తీసుకెళితే ఆయన చూసి, దీన్ని ముట్టుకోను, ఒకచోట బిగిస్తే ఇంకోచోట వంగుతుంది, మీ డబ్బు వృథా అని తిరిగి ఇచ్చేశారు. మావాడు ఆ రోజు కారులో ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత మ్యూజిక్ షాపులో నెలనెలా అద్దెకి తీసుకున్నాం. ఇక్కడ స్కూలు బ్యాండు పిల్లలకి అది మామూలే. కట్టిన అద్దె కొంత కాలానికి కొనుగోలు కిందికి జమ అవుతుంది. అదే పిల్లవాడు, అదే ఊపిరి, మొదటి రోజే కింది సి పలికింది. అన్నగారూ, మీకు అద్దెకి దొరికే దారి ఉందేమో ముందు చూడండి.

బ్యాండుమేళం తమ్ముడు:
అక్కా, విజయవాడలో శాక్సాఫోన్ నెల అద్దెకి ఇచ్చే షాపు నాకు ఇంతవరకు కనబడలేదు. ఇక్కడ కొనాలి, లేదంటే ఎవరినైనా బతిమాలుకోవాలి.

రిపేరు బల్ల:
సికింద్రాబాద్‌లో 19 ఏళ్లుగా క్లారినెట్లు, శాక్సాఫోన్లు బాగుచేస్తున్నాను. ఈ ప్రశ్న నా దగ్గరికి నెలకి నాలుగుసార్లు వస్తుంది, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

బెల్ మీద, అంటే వాయిద్యం వెడల్పాటి మూతి మీద, చెక్కిన పేరు నేను చూడను. చైనాలో తియాన్‌జిన్ చుట్టుపక్కల, తైవాన్‌లో హౌలిలో శాక్సాఫోన్ కార్ఖానాలు చాలా ఉన్నాయి. అమ్మేవాళ్లు అక్కణ్ణుంచి తెప్పించుకుని తమ పేరు చెక్కించుకుంటారు. ఒకే కార్ఖానా సరుకు మూడు నాలుగు పేర్లతో నా బల్ల మీదికి వస్తుంది. దేశం పేరు చూసి తేల్చడమూ కుదరదు. తైవాన్‌లో చాలా మంచివి చేస్తారు, మీరు అడిగిన యమహా 280 ఇండొనేషియాలో తయారవుతుంది.

చూడాల్సింది గాలి ఎక్కడైనా కారుతోందా అని. శాక్సాఫోన్ గొట్టం మీద ఇరవైకి పైగా రంధ్రాలుంటాయి. ఒక్కోదాని మీదా తోలు ప్యాడ్ సమానంగా కూర్చోవాలి. పైన ఒక్క ప్యాడ్ వెంట్రుకవాసి లేచి ఉన్నా చాలు, దాని కిందున్న స్వరాలన్నీ దెబ్బతింటాయి. కింది సి, బి, బి ఫ్లాట్ అసలు పలకవు. పలికినా గుడగుడమంటాయి, లేదంటే పై స్థాయికి ఎగిరిపోతాయి. నేర్చుకునే పిల్లకి ఇది వాయిద్యం లోపమని తెలియదు. తనకే ఊపిరి చాలట్లేదని అనుకుంటుంది. మీటలు గట్టిగా పిసుకుతుంది, మౌత్‌పీస్ కొరికిపట్టుకుంటుంది. తర్వాత ఎంత మంచి వాయిద్యం చేతికిచ్చినా ఆ కొరుకుడు పోదు. చవక వాయిద్యం చేసే అసలు చెరుపు ఇదే. పోయిన 20 వేలు మళ్లీ సంపాదించుకోవచ్చు.

రెండేళ్ల కిందట ఒక తండ్రి, కొడుకు వచ్చారు. అబ్బాయి ఎనిమిది నెలలుగా సాధన చేస్తున్నాడు. వీడికి దమ్ము లేదట సార్, మాన్పించేద్దామనుకుంటున్నాం అన్నాడు తండ్రి. లైట్లు ఆపి గొట్టంలోకి చిన్న బల్బు దించి చూపించాను. ఐదు చోట్ల వెలుగు బయటికి వస్తోంది. మధ్యాహ్నమంతా కూర్చుని ప్యాడ్లు సరిచేసి ఇచ్చాక అబ్బాయి కింది బి ఫ్లాట్ ఊదాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి పలికింది. ఆ తండ్రి ముఖం నాకు ఇంకా గుర్తుంది.

అలాగని చవకవన్నీ పారేయాల్సినవని నేను అనను. పై కథలోది కూడా చవకదే. ప్యాడ్ మార్చొచ్చు, కార్క్ మార్చొచ్చు, స్ప్రింగ్ మార్చొచ్చు. నేను ఏమీ చేయలేనిది మెత్తటి లోహాన్ని. కొన్నిటికి మీటల ఇత్తడి ఎంత మెత్తగా ఉంటుందంటే, వేళ్ల ఒత్తిడికే వంగిపోతుంది. ఇవాళ సరిచేస్తే దసరాకి మళ్లీ నా దగ్గరే ఉంటుంది. మీటని బొటనవేలితో పక్కకి కదిపి చూడండి. టకటకలాడితే దాన్ని వదిలేయండి.

నా సలహా, పేరున్న కంపెనీ విద్యార్థి మోడల్ పాతది వెతకండి. యమహా, జూపిటర్ లాంటివి 40, 50 వేలకి దొరుకుతుంటాయి. పైన సర్వీసుకి 6 వేలో 7 వేలో పక్కన పెట్టుకోండి. పాప మానేసినా దాదాపు అదే ధరకి అమ్ముడుపోతుంది. కొత్త 20 వేలది పెట్టె తెరిచిన మర్నాడే సగం ధర కూడా పలకదు.

బ్యాండుమేళం తమ్ముడు:
బాబాయ్, మీ మాట కాదనను. కానీ మీ బల్ల మీదికి చెడిపోయినవే కదా వస్తాయి. బాగా పలికేవాటిని ఎవరూ మీ దగ్గరికి మోసుకురారు. మా మేళంలో నలుగురం వాయిస్తాం, నలుగురివీ చవకవే. ఒకదానికి ఏడాదికోసారి ప్యాడ్లు మారుస్తాం, అంతే.

రిపేరు బల్ల:
నిజమే తమ్ముడూ, నాకు కనబడేవి ఎక్కువగా చెడ్డవే. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ మీ ఇంట్లో నాన్న ఉన్నారు. క్లారినెట్ తెలిసిన మనిషి, ప్యాడ్ లేస్తే చెవితోనే పట్టేసి ఉంటారు. స్ప్రింగ్ ఊడితే ఇంట్లోనే తగిలించి ఉంటారు. ఈ పాప ఇంట్లో అలాంటివాళ్లు ఎవరూ లేరు. అదే తేడా.

సన్నాయి ఇంటివాణ్ని:
మా ఇంట్లో మూడు తరాలు సన్నాయి. నేను శాక్సాఫోన్‌కి వచ్చింది కద్రి గోపాల్‌నాథ్ గారిని విని. ఆయన తండ్రీ నాదస్వరం మనిషే. గోపాల్‌నాథ్ గారు మైసూరు ప్యాలెస్ బ్యాండులో విని ఈ పాశ్చాత్య వాయిద్యం మీద మనసు పడ్డారు. శాక్స్ మీద గమకం ఏం పలుకుతుందిలే అనే రోజుల్లో పట్టుపట్టి పలికించారు. 1994లో లండన్ బీబీసీ ప్రామ్స్ దాకా వెళ్లారు, 2004లో పద్మశ్రీ. కర్ణాటక సంగీతానికి శాక్స్ కొనేవాళ్లు ఆ గమకం సంగతి మనసులో పెట్టుకోవాలి. బ్యాండులో పాట వాయించడానికి సరిపోయేది కచేరీ విద్యకి సరిపోకపోవచ్చు. మీట మీద వేలు సగం లేపి, పెదవితో స్వరాన్ని జార్చాలి. మీట బరువుగానో వదులుగానో ఉంటే ఆ జారుడు కుదరదు.

అయితే అందరూ వాయిద్యం గురించే మాట్లాడుతున్నారు, మౌత్‌పీస్ సంగతి ఎవరూ ఎత్తలేదు. చవక పెట్టెలో వచ్చే మౌత్‌పీస్ చాలావరకు పనికిరాదు. లోపలి అంచులు సరిగ్గా ఉండవు, రీడ్ సమంగా కూర్చోదు. నా శిష్యుల్లో ముగ్గురు చవక వాయిద్యాలతోనే వచ్చారు. ముగ్గురికీ మొదట యమహా 4సి మౌత్‌పీస్, రెండో నంబరు రీడ్ పెట్టించాను. ఇద్దరి వాయిద్యాలు నేనే నమ్మలేనంత బాగా పలికాయి. మూడోది అప్పటికీ పలకలేదు, దాన్ని తిప్పి పంపించేశాం. వాయిద్యం చెడ్డదా, మౌత్‌పీస్ చెడ్డదా అన్నది తేలకుండా ఏ నిర్ణయానికీ రావద్దు.

పాప గాయని కాబట్టి ఇంకో మంచి పరీక్ష ఉంది. తంబుర పెట్టి మాయామాళవగౌళ సరళీస్వరాలు నిదానంగా వాయించమని గురువుగారిని అడగండి. పాప పక్కన కూర్చుని వింటే చాలు. శాక్స్‌లో ఒకటి రెండు స్వరాలు కాస్త అటూ ఇటూ ఉండటం మంచివాటికీ ఉన్నదే, మధ్య డి కొంచెం ఎక్కి ఉంటుంది. పెదవితో సర్దుకోవచ్చు. కానీ సా కుదిరి, పంచమం దిగి, పై సా ఎక్కిపోయి, ఏ రెండూ ఒకదానితో ఒకటి కలవకపోతే అది గొట్టంలోనే ఉన్న తప్పు. దాన్ని ఏ రిపేరూ మార్చలేదు. నాలుగేళ్లు పాడిన పిల్ల చెవికి అది ఇట్టే తెలిసిపోతుంది.

డల్లాస్ నుంచి ఒక అమ్మ:
సన్నాయి ఇంటివారు చెప్పిన మౌత్‌పీస్ మాట అప్పుడు మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమయ్యేదో. అయినా మా దాని మీటలు వంగిపోయాయి కాబట్టి నా మాట మీదే ఉన్నాను.

బెజవాడ నాన్న:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ముందు గురువుగారి శిష్యుడి దగ్గరున్న 20 వేల వాయిద్యం చూశాం. మీటలు టకటకలాడాయి. తంబుర పెట్టి వాయిస్తే మా పాప రెండో ఆవృత్తంలోనే తల అడ్డంగా ఊపింది. తర్వాత ఏలూరులో ఒక రిటైర్డు మాస్టారి దగ్గర పాత యమహా ఉందని తెలిసి వెళ్లాం. పైన మెరుపు పూత (ల్యాకర్) అక్కడక్కడా పోయింది, పెట్టె తాళం విరిగింది. రాత్రి లైట్లు ఆపి గొట్టంలో దీపావళి సీరియల్ బల్బులు దించి చూశాం. రెండు చోట్ల వెలుగు కనబడింది. గురువుగారు సరిచేయించొచ్చు అన్నారు. 41 వేలకి ఇచ్చారు, సర్వీసుకి ఇంకో 5,500 అయింది. అనుకున్నదానికి రెట్టింపు పైనే, మా ఆవిడ చీటీ డబ్బు కొంత తీసింది. నిన్న పాప కింది సి మెల్లగా ఊదింది, పక్కింటివాళ్లు కూడా విన్నారు.

ఒక్కటే అనుమానం. జి షార్ప్ మీట నొక్కితే ఒక్కోసారి మూత లేవడం లేదు. మళ్లీ చెడిపోయిందా?

రిపేరు బల్ల:
చెడిపోలేదండీ, కంగారు పడకండి. లక్షల ఖరీదు చేసేవాటికీ ఇది ఉంటుంది. ఆ మూతని మీట నేరుగా లేపదు, దాని చిన్న స్ప్రింగే లేపాలి. ఉమ్మి తడికి ప్యాడ్ అంటుకుంటే ఆ స్ప్రింగ్ బలం చాలదు. వాయించడం అయ్యాక ప్యాడ్ కింద పల్చటి కాగితం ముక్క పెట్టి, మూత మెల్లగా నొక్కి తడి పీల్చనివ్వండి. పౌడరు వేయొద్దు, కొబ్బరినూనె అసలే వద్దు. గొట్టంలో గుడ్డ లాగి తుడిచాకే పెట్టెలో పెట్టమనండి. మీ ఊళ్లో ఉక్క ఎక్కువ కాబట్టి ఎండాకాలంలో ఆ ప్యాడ్‌ని రోజూ చూసుకోవాలి.