కొత్త గదులు ఎక్కడ కట్టాలి? గ్రౌండులోనా, పెంకుల బడి కూల్చా, ఉన్న స్లాబు మీదా?

దేవరకొండ రోడ్డు:

మాది దేవరకొండ వైపు ఒక మండల కేంద్రం. నేను ఆరు నుంచి పది దాకా చదివిన జిల్లా పరిషత్ హైస్కూలుకు ఎనిమిది గదులు మంజూరయ్యాయి. మొన్న బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ మీటింగులో అవి ఎక్కడ కట్టాలన్న దగ్గర ఊరు మూడు ముక్కలైంది. నేను హైదరాబాదులో స్ట్రక్చరల్ డ్రాయింగులు వేసే పనిలో ఉన్నాను కాబట్టి హెచ్‌ఎం సార్ నన్నూ పిలిచారు. నాకు తోచింది చెప్తాను. తప్పయితే తప్పని చెప్పండి, ఇంకా ముగ్గు పోయలేదు.

స్థలం రెండున్నర ఎకరాలు. తూర్పున రోడ్డు, గేటు. మధ్యలో గ్రౌండు. దక్షిణం పక్క నాలుగు గదుల పాత పెంకుల బడి, రాతి గోడలు. పడమర పక్క ఆరు గదుల ఆర్సీసీ బ్లాకు, ముఖం తూర్పుకు, కిటికీలన్నీ పడమరకు. ఉత్తరం పక్క కాంపౌండుకూ గ్రౌండుకూ మధ్య 40 అడుగుల పట్టీ ఉంది. అందులో సైకిల్ స్టాండు, ఐదు వేపచెట్లు.

ఎస్టిమేటుతో వచ్చిన డ్రాయింగులో ఎనిమిది గదులూ ఒకే వరుస, రోడ్డు వెంట, గ్రౌండులో. కొందరు పెంకుల బడి తీసేసి అక్కడే కట్టమంటున్నారు. మరికొందరు ఆర్సీసీ బ్లాకు మీద ఇంకో అంతస్తు వేస్తే నేల ఖర్చు కాదంటున్నారు.

నా మాట ఉత్తరం పట్టీ. కింద నాలుగు, పైన నాలుగు. గది 20 బై 25 అడుగులు అనుకుంటే, ఎనిమిదీ వరుసగా కడితే వరండాతో కలిపి దాదాపు 6 గుంటలు పోతాయి (ఎకరానికి 40 గుంటలు). రెండంతస్తులైతే, రెండు చివరలా మెట్లు వేసినా మూడున్నర గుంటలు దాటదు. పొడవు తూర్పు పడమరలకు వస్తుంది, వరండా దక్షిణానికి, గ్రౌండు వైపు. మన దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మాత్రమే నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు. మిగతా ఏడాదంతా దక్షిణం వైపే. ఆ ఎండను 8 అడుగుల వరండా ఆపుతుంది. ఉత్తరం కిటికీల నుంచి బోర్డు మీద మెరుపు పడని వెలుతురు వస్తుంది.

దిక్కు గురించి ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మీటింగు అయ్యాక ఆర్సీసీ బ్లాకులో తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్లాను. తాండూరు బండల మీద బెంచి కాళ్లు గీసిన తెల్లటి గీతలున్నాయి, కిటికీ దగ్గర నుంచి గది మధ్య దాకా, వంకరగా, ఒకదాని మీద ఒకటి. రోజూ మధ్యాహ్నం రెండున్నరకు కిటికీ వరుస పిల్లలు బెంచీలు లాక్కొని మధ్యకు వస్తారట, పొద్దున మళ్లీ నెట్టేస్తారట. మేం చదివినప్పుడూ ఇదే చేశాం. ఇరవై ఏళ్లు దాటింది. ఆ ఎండ ఇంకా అక్కడే ఉంది.

లెక్కల టీచర్:

తమ్ముడూ, మీరు చెప్పే బడి కాదు కానీ అలాంటి బడిలోనే పనిచేస్తున్నాను, మిర్యాలగూడ వైపు. దిక్కు గురించి మీరన్నది అక్షరాలా నిజం. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు పెడతారు, మంచిదే. కానీ ఎండ తేదీ చూసుకొని రాదు కదా. ఫిబ్రవరి ఆఖర్లో, మళ్లీ జూన్ 12 తర్వాత వాన పడేదాకా, ఆరో పీరియడులో స్లాబు కింద లెక్క చెప్తుంటే పిల్లలు నోట్సు మీద చేతి కింద కర్చీఫ్ పెట్టుకొని రాస్తారు, చెమటకు కాగితం తడిసిపోతుందని.

పై అంతస్తు గదులకు ఆ స్లాబు వేడి ఇంకా ఎక్కువ. దానికేం చేస్తారో చెప్పలేదు. 2023లో రాష్ట్రం కూల్ రూఫ్ విధానం తెచ్చింది, ప్రభుత్వ భవనాలకు తప్పనిసరి అని. తెల్ల పెయింటో, తెల్ల పలకలో ఎస్టిమేటులోనే రాయించండి. తర్వాత చూద్దాం అంటే ఆ తర్వాత రాదు.

పాత బడి గురించి మాత్రం మీరు మెత్తగా దాటేశారు. మా దగ్గరా ఒక పెంకుల గది ఉంది. రాతి గోడ అడుగున్నర మందం, చల్లగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఏటా వానలకు ముందు పెంకు సదరాలి. ఆ పని తెలిసినవాళ్లు మా ఊళ్లో ఇద్దరే మిగిలారు. పోయిన వానాకాలం మధ్యాహ్నం భోజనం టైములో దూలం దగ్గర మట్టి పెళ్ల ఊడి టీచర్ కుర్చీ మీద పడింది. పిల్లలంతా బయట పళ్లాలతో ఉన్నారు కాబట్టి సరిపోయింది. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన, సర్కారు బడులు బాగుచేసే మన ఊరు మన బడి పథకంలో 12 అంశాలుంటే, శిథిలమైన గదుల స్థానంలో కొత్తవి కట్టడం అందులో ఒకటి. అలాంటి చోటే కట్టమనడం తప్పెలా అవుతుంది?

దేవరకొండ రోడ్డు:

మేడమ్, కూల్ రూఫ్ నేను వదిలేసిన మాటే, రాయిస్తాను. పాత బడి మీద నాకు ప్రేమ ఉన్నది, దాచను. కానీ ప్రేమతో పిల్లల్ని దాని కింద కూర్చోబెట్టమనను. నా భయం ఇంకొకటి. దాన్ని ముందు కూలిస్తే, కొత్తది లేచేదాకా నాలుగు తరగతులు చెట్ల కింద కూర్చోవాలి. బిల్లులు ఆగి పిల్లర్ల దగ్గరే నిలిచిపోయిన బడులు మనందరం చూశాం. ముందు ఉత్తరం పక్క కట్టి, పిల్లలు అందులోకి మారాక పాతదాని సంగతి తేల్చుకోవచ్చు. గోడలు గట్టిగా ఉంటే పైకప్పు మార్చి భోజనశాల చేయొచ్చు. ఆ 12 అంశాల్లో హైస్కూళ్లకు భోజనశాల కూడా ఒకటి.

ఖోఖో సార్:

నేను పీఈటీని. ఒక్క మాట. ఖోఖో కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. దాని చుట్టూ పరుగెత్తి ఆగడానికి జాగా కావాలి. రోడ్డు వెంట వరుస కడితే అది పోతుంది. కబడ్డీ ఎక్కడైనా ఆడిస్తాను, ఖోఖో ఆడించలేను. మా దగ్గర ఖోఖో ఆడేది ఎక్కువగా ఆడపిల్లలే. ఊళ్లో వాళ్లకు పరుగెత్తడానికి ఇంకో జాగా లేదు. మగపిల్లలకు చెరువు కట్ట ఉంది, పొలాలున్నాయి. ఆడపిల్లలకు బడి ఒక్కటే. గ్రౌండు ఖాళీ స్థలం కాదు. అదీ తరగతి గదే, దానికి గోడలు లేవంతే.

పాలమూరు నుంచి:

మా ఊరి బడిలో అదే జరిగింది. గ్రౌండులో బ్లాకు కట్టారు, గదులు బాగానే వచ్చాయి. ఇప్పుడు ప్రార్థనకు పిల్లలు రెండు బ్లాకుల మధ్య సందులో నిలబడతారు, వెనక వరుసలకు ముందు ఏం చెప్తున్నారో వినపడదు. ఆగస్టు 15కు జెండా గద్దె మార్చాల్సి వచ్చింది. పోయిన గ్రౌండు మళ్లీ రాలేదు.

మేస్త్రి, 25 ఏళ్ల పని:

అందరూ చదువుకున్నవాళ్లు, నేను పని చేసి నేర్చుకున్నవాణ్ని. మూడో మాట గురించి ఎవరూ గట్టిగా అనట్లేదు కాబట్టి నేనంటాను. ఉన్న స్లాబు మీద వేయకండి. పైన పిల్లర్ల చువ్వలు నాలుగడుగులు వదిలి ఉంటాయి, వాటిని చూసి ఇంకో అంతస్తు ఆగుతుందని అందరూ అనుకుంటారు. చువ్వలు వదలడం అప్పటి మేస్త్రి ఆశ. కింద ఫుటింగ్, అంటే పిల్లర్ అడుగు దిమ్మె, ఎంత వేశాడో ఆ చువ్వ చెప్పదు. పైగా ఎండకూ వానకూ తుప్పు పట్టి పొరలు లేచి ఉంటుంది. అది గీకి మళ్లీ కలిపినా అతుకు అతుకే.

ఇంకోటి, మీ బడి కింద నేల ఏంటి? ఎర్ర చలకైతే మూడు నాలుగు అడుగులకే మొరం తగులుతుంది, బాధ లేదు. చెరువు దగ్గరైతే నల్లరేగడి ఉంటుంది. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత పగుళ్లిస్తుంది. దాని మీద ఫుటింగ్ ఆపితే ఏడాది తిరగకముందే కిటికీ మూల నుంచి గోడ పగులుతుంది. ముందు గుంత తవ్వి చూడండి. డ్రాయింగు తర్వాత.

అట్లనే బడి నడుస్తుండగా పని అంటే మధ్యలో రేకుల అడ్డు కట్టాలి, కంకర లారీకి వేరే దారి కావాలి. ఉత్తరం పట్టీకి వెనక గేటు పెట్టే వీలుందా? లేకపోతే రోజూ లారీ గ్రౌండు మీదనుంచే వస్తుంది.

అమ్మాయి తండ్రి:

నేను ఇదే బడికి పిల్లను పంపుతున్నవాణ్ని. మీ లెక్కలన్నీ బాగున్నాయి. మా పాప ఏడో తరగతి, చక్రాల కుర్చీలో వెళ్తుంది. ఇప్పటిదాకా అన్నీ కింది గదులే కాబట్టి ఎలాగో నడిచింది. మీరు పైన నాలుగు గదులంటున్నారు. తన తరగతిని కింద పెడతామని చెప్తారు, అది నాకు తెలుసు. మరి లైబ్రరీ? సైన్సు ల్యాబు? కంప్యూటర్లు? అవి పైన పెడితే క్లాసంతా పైకి పోతుంది, తను ఒక్కతే కింద కూర్చుంటుంది. వరండాలో ఒక్కతే కూర్చొని చూస్తుంటుంది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, అడ్డంకులు లేని దారి ఉండాలని అందులో రాసి ఉంది. గ్రౌండు గురించి మాట్లాడినంతసేపు ఈ దారి గురించి ఎవరూ మాట్లాడలేదు.

గ్రౌండులో ఒకే వరుస కట్టమని మీటింగులో అడిగింది నేనే. గ్రౌండు మీద కోపంతో కాదు.

ఖోఖో సార్:

అన్నా, మీ పాప గ్రౌండుకు వచ్చినప్పుడు విజిల్ తనకే ఇస్తాను. మీ మాట నేను ముందే ఆలోచించాల్సింది.

దేవరకొండ రోడ్డు:

అన్నా, నేను తప్పు చేశాను. మెట్లు రెండు చివరలా గీశాను, ర్యాంపు గీయలేదు.

లెక్క చెప్తాను. చక్రాల కుర్చీకి వాలు 12కు 1 మించకూడదు. పునాది రెండడుగుల ఎత్తుకు 24 అడుగుల ర్యాంపు చాలు. పై అంతస్తు 11 అడుగుల ఎత్తుకు 132 అడుగులు, మధ్యలో ఆగే చోట్లు వేరే. నాలుగు మడతలు పెట్టి కట్టొచ్చు కానీ దాని ఖర్చు దాదాపు ఒక గది ఖర్చు.

అందుకని ముందు గదులు మార్చాను. లైబ్రరీ, ల్యాబు, కంప్యూటర్లు మూడూ కింద. పైన మామూలు తరగతులే.

అమ్మాయి తండ్రి:

స్నేహితురాలి క్లాసు పైన ఉంటే? పదో తరగతి పరీక్ష సెంటరు పైన పడితే? ఒక గది తగ్గించండి. ఏడు గదులు కట్టి ర్యాంపు వేయండి.

లెక్కల టీచర్:

ఏడు గదులంటే ఒక సెక్షన్ మళ్లీ వరండాలో కూర్చోవాలి. అన్నా, మీ బాధ నాకు తెలుస్తున్నది, కానీ 40 మంది పిల్లలు కూడా పిల్లలే. కమిటీ అదనపు నిధులు అడగాలి. చట్టంలో ఉన్నదాన్ని చట్టం పేరు చెప్పే అడగాలి. ఇవ్వకపోతే అప్పుడు ఏడా ఎనిమిదా అని మనం కూర్చుందాం. అడగకముందే మన పిల్లల్లో మనమే ఎవర్నో తగ్గించుకోవద్దు.

మెట్ల గురించి కూడా ఒక మాట. 2004 జులై 16న కుంభకోణంలో వంటగది మంట కప్పుకు అంటుకొని 94 మంది పిల్లలు పోయారు. ఇరుకు మెట్ల మీద బయటపడలేకపోయారు. మెట్లు ఒక్కోటి మీటరున్నరకు తగ్గకుండా రెండూ ఉంచండి. ఖర్చు తగ్గించమని ఎవరైనా అంటే మొదట ఎగిరేది రెండో మెట్లే. వంటషెడ్డు కొత్త బ్లాకుకు దూరంగా, పాత బడి వైపే ఉండనివ్వండి.

నీళ్లూ చూడండి. మన నల్గొండ జిల్లాలో బోరు నీళ్ల ఫ్లోరైడు గురించి మనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. కొత్త బ్లాకు మీద ఒకటే ట్యాంకు పెట్టి, పైపులో వచ్చే మిషన్ భగీరథ మంచినీళ్లూ బోరు నీళ్లూ అందులోనే వదులుతారు. రెండు ట్యాంకులు, రెండు పైపులు వేయించండి. తాగే నల్లాకు భగీరథ, టాయిలెట్లకు బోరు.

మేస్త్రి, 25 ఏళ్ల పని:

ర్యాంపు పడమర చివర పెట్టండి, పాత ఆర్సీసీ బ్లాకుకూ కొత్తదానికీ మధ్య మూలలో. ఆ మూలలో గది ఎలాగూ రాదు. అక్కడ మెట్లు తీసి ర్యాంపు వేస్తే ఒక మెట్ల ఖర్చు మిగులుతుందని అనబోయాను. మేడమ్ చెప్పింది చదివాక అనను. రెండూ ఉండాలి.

దేవరకొండ రోడ్డు:

ఆదివారం గుంతలు తవ్వించాం. రెండు.

ఉత్తరం పట్టీలో మూడున్నర అడుగులకు నల్లమట్టి అయిపోయి మొరం తగిలింది. ఫుటింగ్ ఐదడుగులకు దింపితే సరిపోతుందనిపిస్తోంది, మట్టి పరీక్ష రిపోర్టు వచ్చాక ఖాయం చేస్తాం. రెండో గుంత ఆర్సీసీ బ్లాకు పిల్లర్ పక్కన. మేస్త్రి గారి అనుమానమే నిజమైంది, ఫుటింగ్ మూడడుగుల చదరం, అది కూడా నల్లమట్టిలోనే ఆగింది. పైన అంతస్తు వేయమన్న పెద్దమనిషి గుంతలోకి వంగి టేపు తానే పట్టుకొని చూశారు, ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఉత్తరం కాంపౌండులో లారీకి గేటు పెట్టొచ్చు. వేపచెట్లు రెండు అడ్డొస్తున్నాయి. బ్లాకును నాలుగడుగులు తూర్పుకు జరిపితే ఒకటి మిగులుతుంది, ఒకటి పోతుంది. దానికి నాకు మందు దొరకలేదు.

ర్యాంపుకు అదనపు నిధులు కోరుతూ కమిటీ తీర్మానం రాసింది. రోడ్డు వెంట వరుస కావాలనేవాళ్లు ఇంకా ఉన్నారు, వచ్చే మీటింగులో ఓటింగు పెడతామన్నారు.

సాయంత్రం ఆ అన్న పాపను తీసుకొచ్చారు. సెంట్రింగు పలకలు తెప్పించి, కింద ఇటుకలు పేర్చి, 24 అడుగులకు రెండడుగులు లేచేలా పరిచాం. పాప తానే చక్రాలు తిప్పుకుంటూ ఎక్కింది. సగంలో ఒకసారి ఆగింది. మేం పట్టుకోబోతే వద్దన్నది. పైకెళ్లాక అడిగాం, ఎలా ఉందని. దిగేటప్పుడు చెయ్యి జారుతుందట, ఒక పక్క రైలింగు చాలదట. డ్రాయింగులో రెండు పక్కలా గీశాను.