పాత కంప్యూటర్‌లో పిల్లలకు ఏ ఆటలు పెట్టాలి?

అమలాపురం నుంచి: సెలవులకు మేనల్లుళ్లు వస్తున్నారు. ఏ వీడియో గేములు మంచివండి?

రాజోలు నుంచి: ముందు స్టార్‌డ్యూ వ్యాలీ పెట్టండి, పొలం సాగు చేసుకునే ఆట. 2016లో వచ్చింది. బొమ్మలు, సంగీతం, ప్రోగ్రామింగ్ అన్నీ ఎరిక్ బరోన్ ఒక్కడే చేశాడు, నాకు అదే అపురూపం! రుతువు మారితే చాలా పంటలు ఎండిపోతాయి. సార్వా, దాళ్వా చూస్తూ పెరిగిన పిల్లలకు ఆ లెక్క వెంటనే పట్టుబడుతుంది. చేపలు పట్టడం మాత్రం కష్టం. గది తర్వాత గదిలో చిక్కుముడులు విప్పే పోర్టల్ అనే ఆట చిన్నదే, ఒక్క గది కూడా వృథా కాదు. పైనుంచి పడే ముక్కలను పేర్చే 1980ల నాటి టెట్రిస్ ఇప్పటికీ కొత్తదే. లింబో అనే ఆట గొప్పదే కానీ వద్దు, అందులో వచ్చే పెద్ద సాలీడును చూస్తే పిల్లలు నిద్రపోరు.

అమలాపురం నుంచి: మొదటిది ఇద్దరూ కలిసి ఆడవచ్చా?

రాజోలు నుంచి: ఆడవచ్చండి. తెరను రెండుగా పంచుకోవచ్చు, ఒకరికి గేమ్‌ప్యాడ్ కొనండి.