అప్‌డేట్: .32 పిస్టల్ తూటాలు .32 రివాల్వర్‌కు పనికొస్తాయా?

హనుమకొండ నుంచి నేను అడిగిన ప్రశ్న: బాపు లైసెన్స్ మీదున్న .32 రివాల్వర్‌లో .32 పిస్టల్ తూటాలు వాడొచ్చా అని. వాడొద్దు. జవాబిచ్చిన అన్నలందరికీ శనార్తులు.

రెండింటి గుండు లావు దాదాపు ఒకటే, సుమారు 7.9 మి.మీ. తేడా అంతా ఇత్తడి గొట్టంలనే ఉంది. పిస్టల్‌ది .32 ఏసీపీ: గొట్టం 17 మి.మీ., అడుగు అంచు కొద్దిగానే బయటికుంటది. రివాల్వర్‌ది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్: 23 మి.మీ. పైనే, అంచు వెడల్పు. ఆ అంచే తూటాను సిలిండర్‌ల (తూటాలు పెట్టే, తిరిగే భాగం) ఆపుతది.

కొన్ని సిలిండర్లల్ల ఏసీపీ కూడా దూరుతది, అసలు ప్రమాదం అదే. పేలినప్పుడు గొట్టం లోపలి పీడన పరిమితి ఏసీపీది 20,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), లాంగ్‌ది 15,000. పాత రివాల్వర్‌కైతే మరీ ముప్పు.

పేర్ల ‘లాంగ్’ లేని పాత .32 స్మిత్ అండ్ వెసన్ ముచ్చట వేరు. అది 15 మి.మీ. పొట్టి తూటా, లాంగ్ రివాల్వర్‌ల నడుస్తది. పొట్టిదాని కోసం చేసిన రివాల్వర్‌ల మాత్రం లాంగ్ పట్టదు.

కొనేటప్పుడు డబ్బా మీద .32 ఒక్కటే చూస్తే సాలదు. 7.65×17 అంటే పిస్టల్‌ది, 7.65×23 అంటే రివాల్వర్‌ది. బారెల్ మీద చెక్కిన పేరుతోటి అక్షరం అక్షరం కలిస్తేనే తీసుకోవాలె.