లొకేషన్ ఆపేస్తే చార్జింగ్ నిలుస్తుందా?

ప్రశ్న (తిరుపతి):
అలిపిరి మెట్లెక్కి పైకి చేరేలోపు చార్జింగ్ సగం దిగిపోతా ఉంది. ఫోన్ ఆండ్రాయిడ్ 13. లొకేషన్ ఆపేస్తే నిలుస్తుందా? ఇంట్లోవాళ్లకు లైవ్ లొకేషన్ మాత్రం పంపాల. టార్చి యాప్ కూడా లొకేషన్ అడుగుతా ఉంది, ఇవ్వచ్చా?

జవాబు 1:
తప్పంతా జీపీఎస్ మీద వేయకండి. టవర్ సరిగా అందని కొండ మలుపుల్లో ఫోన్ సిగ్నల్ కోసం వెతుకుతూ, గట్టిగా ప్రసారం చేస్తూ కరెంటు తాగుతుంది. లైవ్ లొకేషన్ తోడైతే స్థానం పట్టడం, దాన్ని డేటాలో పంపడం రెండూ ఆగకుండా నడుస్తాయి. వాట్సాప్‌లో దానికి 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడే గడువులు. 8 గంటలు పెట్టకండి. గాలిగోపురం దగ్గర ఒకసారి, మోకాళ్ల పర్వతం దగ్గర ఒకసారి ‘కరెంట్ లొకేషన్’ పంపితే ఇంట్లోవాళ్లకు అది చాలు.

జవాబు 2 (చిత్తూరు):
టార్చికి లొకేషన్‌తో పనేముంది? ఆ యాప్ తీసేయండి, పైనుంచి కిందికి లాగితే ఫోన్‌లోనే టార్చి ఉంది.
తర్వాత సెట్టింగ్స్, లొకేషన్, యాప్ లొకేషన్ పర్మిషన్స్‌కు పోండి. ‘అలౌడ్ ఆల్ ద టైమ్’ కింద ఉన్నవే అసలు దొంగలు, జేబులో ఉన్నా స్థానం అడుగుతుంటాయి. అక్కడున్న షాపింగ్, ఆటల యాప్‌లకు ‘డోంట్ అలౌ’ పెట్టండి. మ్యాప్స్‌కు ‘ఓన్లీ వైల్ యూజింగ్’ సరిపోతుంది. వాతావరణం యాప్‌కు ‘యూజ్ ప్రిసైజ్ లొకేషన్’ తీసేయండి. ఆండ్రాయిడ్ 12 నుంచి ఈ మీట ఉంది. అప్పుడు దానికి సుమారు 3 చదరపు కిలోమీటర్ల మేర మాత్రమే తెలుస్తుంది, వాన కబురుకు అది ఎక్కువే. ఆటో, క్యాబ్ యాప్‌లకు మాత్రం తీయకండి, బండి పక్క వీధిలో నిలబడుతుంది.
లొకేషన్ సర్వీసెస్‌లో ‘వైఫై స్కానింగ్’ కూడా చూడండి. వైఫై ఆపినా అది వెతుకుతూనే ఉంటుంది.

జవాబు 3:
ఒక్క మాట కలుపుతా. లొకేషన్ ఆపినా సిమ్ కంపెనీకి మీరు ఏ టవర్ కింద ఉన్నారో తెలుస్తుంది. అది ఆగాలంటే ఏరోప్లేన్ మోడ్ పెట్టాల్సిందే. అందులోనూ చాలా ఫోన్లలో జీపీఎస్ పనిచేస్తుంది, ఉపగ్రహాల మాట వినడమే తప్ప అది ఏమీ పంపదు. కాకపోతే నెట్ సాయం ఉండదు కాబట్టి మొదటిసారి స్థానం దొరకడానికి అర నిమిషం, చెట్ల కింద ఇంకా ఎక్కువే పడుతుంది. మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌కు దించుకోండి. దర్శనానికి ముందు ఫోన్ కౌంటర్లో ఇచ్చేటప్పుడు స్విచాఫ్ చేసి ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు:
స్కానింగ్ ఆపేశా. ఫొటోల్లో కూడా స్థానం ఉంటుందంట, నిజమా?

జవాబు 2:
నిజమే. కెమెరా సెట్టింగ్స్‌లో ‘లొకేషన్ ట్యాగ్స్’ ఆపండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరం పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే అట్లే చేరుతుంది. ఇంట్లో తీసిన పిల్లల ఫొటోలు డాక్యుమెంట్‌గా ఎవరికీ పంపకండి.