షూటర్స్ హిల్ వనభోజనం: ఎవరెవరు ఏ పని తీసుకుంటారు?

కార్యక్రమం చూసుకునేవాళ్ళు:
అందరికీ నమస్కారం. పోయినేడాది కార్తీకంలోనే పెట్టాలని పట్టుబట్టి నవంబరులో పెట్టాం, పులిహోర ఐసుముక్కయింది, పిల్లలు కార్లు దిగలేదు. అందుకే ఈసారి జూన్ ఆఖర్లో ఒక ఆదివారం, లండన్‌లో షూటర్స్ హిల్ మీదున్న ఆక్స్‌లీస్ అడవిలో. ఉసిరిచెట్టు ఎలాగూ దొరకదు, ఓక్ చెట్టు కింద కానిచ్చేద్దాం.

ఆ అడవిలోనే, చెట్ల మధ్య, సెవర్న్‌డ్రూగ్ కాజిల్ ఉంది. పేరుకే కాజిల్, నిజానికి మూడు మూలల మీద మూడు బురుజులున్న ఒక టవర్, 63 అడుగులు. ఇలాంటి షోకు కట్టడాల్ని ఇక్కడ ఫాలీ అంటారు. పేరు రెండుసార్లు పైకి చదవండి. సువర్ణదుర్గ్! కొంకణ తీరంలో, హర్ణై ఎదురుగా సముద్రంలో ఉన్న కోట అది. 1755లో ఈస్టిండియా కంపెనీ నౌకాదళం కమొడోర్ విలియం జేమ్స్ దాన్ని తులాజీ ఆంగ్రే చేతుల్లోంచి పట్టుకున్నాడు. జేమ్స్ 1783లో పోతే, మరుసటి ఏడాది భార్య ఆయన గుర్తుగా ఈ టవర్ కట్టించింది.

పిల్లల బృందం:
అన్నా, ఇది పిల్లలకు చెప్పేటప్పుడు జాగ్రత్త. ఇక్కడివాళ్ళు ఆంగ్రేని సముద్రపు దొంగ అంటారు, ఆయన తండ్రి కాన్హోజీ మరాఠా నౌకాదళాధిపతి. పోనీ మనవాళ్ళు ఒకవైపు, వాళ్ళు ఒకవైపు అందామంటే అదీ కుదరదు, ఆ దాడిలో పేష్వా కంపెనీతో చేతులు కలిపాడు. నేనైతే రెండు కోటల ఫోటోలు పక్కపక్కన అతికించి, ప్రశ్నలు పిల్లల్నే అడగనిస్తాను. చార్టు పేపర్లు ఎవరైనా తెండి.

రవాణా:
కోచ్ వద్దు బాబోయ్, పోయినసారి డ్రైవర్ మనల్ని మైలు దూరంలో దించి వెళ్ళిపోయాడు. 89, 486 బస్సులు షూటర్స్ హిల్ రోడ్డు మీదుగానే వెళ్తాయి. బస్టాపు దగ్గర పసుపు జాకెట్లతో ఇద్దరు నిలబడాలి, లేకపోతే సగంమంది అడవిలో తప్పిపోతారు.

కార్యక్రమం చూసుకునేవాళ్ళు:
టవర్‌ని నడిపేదీ వాలంటీర్లే. 1980ల్లో మూతబడి పాడైపోతుంటే స్థానికులు ట్రస్టు పెట్టి, బాగుచేయించి 2014లో మళ్ళీ తెరిపించారు. తెరిచేది ఆదివారాలే, అయినా టైములు, టికెట్లు ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి, ఆ పని ఎవరు తీసుకుంటారు? ఒకేసారి అందరం పైకెక్కితే కుదరదు, పదేసి మంది చొప్పున వెళ్దాం. అడవిలో స్టవ్ వెలిగించొద్దు, వండుకొచ్చిందే తిందాం. ఇది వేల ఏళ్ళ నాటి అడవి, దీని మధ్య నుంచి రోడ్డు వేస్తామంటే జనం ఏళ్ళ తరబడి కొట్లాడి 1993లో ఆపించారు. మనం చెత్త వదిలి వెళ్తే సిగ్గుచేటు. నల్ల సంచులు నేను తెస్తాను.

వంటలు:
పులిహోర, దద్దోజనం, గారెలు మావి. పచ్చళ్ళు ఎవరింటివి వాళ్ళు తెచ్చుకోండి, ఆవకాయ పోటీ పెడితే మళ్ళీ గొడవలు. ఇంతకీ పైకి ఎన్ని మెట్లు?

కార్యక్రమం చూసుకునేవాళ్ళు:
86, అక్కా. పైనుంచి లండన్ మొత్తం కనిపిస్తుంది.

వంటలు:
86ఆ? నా మోకాళ్ళకి లండన్ చూడాలని లేదు నాయనా. కింద టీ తాగుతూ కూర్చుంటా, అందరూ బ్యాగులు నా దగ్గర పెట్టి ఎక్కండి. బ్యాగుల డ్యూటీకి నా పేరు రాసుకో.