సమస్యాపూరణం: "కదలకుండ నిలిచి కడలి దాటె"

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి. అయిదూ సూర్యగణాలే, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) క-క.

కదలకుండ నిలిచి కడలి దాటె

సందర్భం కూడా ఇస్తున్నాను. చిన్న తెరచాప పడవలో భార్యాభర్తలు పసిఫిక్ దాటుతూ ఫానింగ్ దీవి దగ్గర ఆగారు, రెండు వారాలనుకున్నది నెలలైంది. ఈ దీవి కిరిబాటి దేశంలోది (వాళ్ళు 'కిరిబాస్' అని పలుకుతారు), అక్కడి పేరు టబుఆరాన్, భూమధ్యరేఖకు ఉత్తరంగా 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఉంగరంలా చుట్టుకున్న పగడపు దిబ్బ, మధ్యలో ఉప్పునీటి మడుగు, నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తే. తాగడానికి చాపగుడ్డ పరిచి వాన నీళ్ళు పట్టుకోవాలి, ఇంజిన్‌లో ఒక ముక్క పోతే సరుకుల ఓడ ఎప్పుడొస్తే అప్పుడే. అక్కడి వాళ్ళు తీపినీరు తగిలే దాకా గోతులు తవ్వి మన చేమ కుటుంబానికే చెందిన పెద్ద దుంప పండిస్తారు, దాని పేరు 'బాబాయి'. బరంపురంలో కూర్చుని ఈ మాట చదివినప్పుడు ఆ దీవి మీద నాకు ఒక్కసారిగా చుట్టరికం కలిసినట్టనిపించింది.

దీవి గురించే రాయాలని లేదు, పాదం కుదిరితే చాలు.

రాయగడ నుంచి

తెరలు దించి జంట దీవిలో నాగెను
ఆరు నెలలు గాలి యదను కొఱకు
ఓర్పె పడవ యయ్యె నుప్పెన కాలాన
కదలకుండ నిలిచి కడలి దాటె

బరంపురం నుంచి

మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. ఓర్పే పడవ అయితే నిలిచినవాళ్ళే దాటినవాళ్ళు, విరోధం అక్కడే తీరిపోయింది. కానీ మొదటి మాట బాగాలేదు. తెరలంటే అలలు కూడా కదా, సముద్రం మీద నిలబడి 'తెరలు దించి' అంటే చదివేవాడు ముందు అలలనే అనుకుంటాడు. "చాప దించి జంట చల్లని దీవిలో / నారు నెలలు గాలి కాగి యుండె" అని మార్చి చూడండి, యతి చా-చ సరిపోతుంది.

ఛత్రపురం నుంచి

రాయగడ వారికి ఒక ప్రశ్న. భూమధ్యరేఖకు అంత దగ్గరలో ఉప్పెన ఎక్కడిది? భూమి తిరగడం వల్ల గాలికి వచ్చే మెలిక అక్కడ చాలా తక్కువ, 5 డిగ్రీల లోపు తుఫాన్లు దాదాపు పుట్టవు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మేం తలుపుకి బల్ల అడ్డం పెట్టి తెల్లారే దాకా పట్టుకుని కూర్చున్నాం, ఆ మాటని పద్యంలో ఊరికే వాడితే నాకు ఒప్పదు.

రాయగడ నుంచి

ఉప్పెన దీవిలో కాదండీ, వాళ్ళు వెళ్ళాల్సిన దారిలో. సమోవా, ఫిజీ వైపు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం, అది గడిచే దాకా పైన భూమధ్యరేఖ దగ్గర ఆగితే పడవ దక్కుతుంది. అందుకే 'కాలాన' అన్నాను, 'చోట' అనలేదు.

బరంపురం నుంచి

ఈ జవాబు నాకు నచ్చింది, పాదం అలాగే ఉంచుతున్నాను. అయినా ఛత్రపురం వారు అడగడం మంచిదే, లేకపోతే ఈ సంగతి పద్యం వెనకే ఉండిపోయేది.

గుణుపురం నుంచి

దీపగోపురంబు తీరాన నున్నది
వెలుగు పడవ దాక విస్తరించె
తాను గట్టు దిగదు, తన కాంతి మాత్రము
కదలకుండ నిలిచి కడలి దాటె

పర్లాకిమిడి మాస్టారు

అమ్మా, ఊహ బాగుంది, గోపాలపురం దీపస్తంభం కళ్ళ ముందుకొచ్చింది. అయితే కర్త మారిపోయింది. నిలిచింది గోపురం, దాటింది కాంతి, నీ మూడో పాదం ప్రకారం కాంతే కదలకుండా నిలిచినట్టయింది. 'మాత్రము' తీసి 'చేతనే' పెట్టు. "తాను గట్టు దిగదు, తన కాంతి చేతనే / కదలకుండ నిలిచి కడలి దాటె". ఇప్పుడు నిలిచిందీ దాటిందీ గోపురమే. గణం కూడా చెడలేదు, భగణం పోయి రగణం వచ్చింది, రెండూ ఇంద్రగణాలే.

ఇంకొకరు "పగడ దీవి యొడ్డు నావ కట్టిరి వారు" అని మొదలుపెట్టారు. ప-నా యతి కుదరదు నాయనా. మాది గిడుగు రామమూర్తి గారు పాఠం చెప్పిన ఊరు, వాడుక మాట రాస్తే నేను ఎప్పుడూ తప్పుపట్టను, యతి సంగతి వేరు. "పగడ దీవి యొడ్డు బడవ గట్టిన జంట" అంటే ప-బ సరిపోతుంది, 'వారు' అని బహువచనం పెట్టి చివర 'దాటె' అనే ఇబ్బందీ పోతుంది.

మళ్ళీ ఛత్రపురం నుంచి

కడలి కడుపులోన గట్టిన తీగయే
దేశదేశములకు తెలుపు వార్త
పగడ దీవి పక్క బడి యున్న చోటనే
కదలకుండ నిలిచి కడలి దాటె

ఇది ఊహ కాదు. 1902లో కెనడా నుంచి పసిఫిక్ అడుగున వేసిన తంతి తీగ ఈ ఫానింగ్ దీవి మీదుగానే వెళ్ళింది. 1914 సెప్టెంబరులో న్యూరెంబర్గ్ అనే జర్మన్ యుద్ధనౌక వచ్చి ఆ తీగ కోసేసింది.

బరంపురం నుంచి

ఈ వారం వచ్చిన వాటిలో సమస్యకి అన్నిటికన్నా సూటిగా సరిపడిన పూరణ ఇదే. తీగ నిజంగానే కదలదు, నిజంగానే కడలి దాటుతుంది, పోలిక పెట్టి సర్దాల్సిన పనే లేకపోయింది. 'పడి యున్న' తర్వాత 'నిలిచి' అంటే పడుకున్నది నిలబడిందా అని ఎవరైనా అడగవచ్చు, ఇక్కడ నిలవడం అంటే ఉండిపోవడం కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

గోపాలపురం నుంచి

నాకు ఛందస్సు కొత్త. మాది వేటకెళ్ళే ఇల్లు, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తప్పులుంటే చెప్పండి.

అమ్మ నిలిచె నొడ్డు నయ్య వేటకు పోగ
చూపు మాత్ర మలల జొచ్చి పోయె
మనసు పడవ కట్టి మగని వెంబడి యేగి
కదలకుండ నిలిచి కడలి దాటె

పర్లాకిమిడి మాస్టారు

తప్పు వెతికాను తల్లీ, దొరకలేదు. చూ-జొ యతి కొత్తవాళ్ళకి అంత తేలిగ్గా తట్టదు. 'వేట' అన్న మాట ఒక్కటి చాలు, ఇది ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి రాసిన పద్యమని తెలుస్తుంది, మేమైతే 'చేపలు పట్టగా' అని రాసి చెడగొట్టేవాళ్ళం.

నా పూరణ కూడా పెడుతున్నాను. ఇక్కడ కార్తిక పౌర్ణమి తెల్లవారుజామున అరటి దొప్పల పడవల్లో దీపం, తమలపాకు, వక్క పెట్టి చెరువులో వదులుతారు, పూర్వం సాధవులు (ఓడ వర్తకులు) బాలి, జావా వైపు ఓడలెక్కిన రోజుకి గుర్తుగా. ఈశాన్యపు గాలితో వెళ్ళినవాళ్ళు నైరుతి గాలి వచ్చే దాకా తిరిగి రాలేరు, అన్ని నెలలూ అక్కడే ఉండాలి. ఫానింగ్‌లో ఆగిన జంట గురించి చదువుతుంటే నాకు వాళ్ళే గుర్తొచ్చారు.

కార్తికమున వెడలి గంజాము నావ తా
బాలి రేవు నందె పవ్వళించె
నైరుతి పవనంబు నడచి వచ్చెడి దాక
కదలకుండ నిలిచి కడలి దాటె

మొదట మూడో పాదం "నైరుతి పవనంబు నడిపించ నటమీద" అని రాసుకున్నాను. అప్పుడు గాలి వచ్చాక నావ నిలిచినట్టు వస్తోంది, వరస తలకిందులైంది, అందుకే మార్చాను. 'నిలిచి' అంటే ముందు నిలిచి, ఆ తర్వాత దాటింది అని అర్థం.

గోపాలపురం నుంచి

మీ పద్యం, నాది రెండూ అమ్మకి చదివి వినిపించాను. నాది విని ఏం మాట్లాడలేదు. మీది విని, "దాటింది సరే, ఇంటికి చేరిందా?" అని అడిగింది.

బరంపురం నుంచి

అమ్మగారు అడిగింది మాస్టారి పద్యంలో లేదు. దాని మీద నువ్వే ఇంకో పూరణ రాయమ్మా, గడువు ఆదివారం దాకా పెంచుతున్నాను.