బీబీసీ సింగర్స్ మూసివేత ఎలా ఆగింది? వ్యతిరేకతలో నిజంగా పనిచేసిందేమిటి?

పంచమం (ప్రశ్న)

2023 మార్చి 7న బీబీసీ తన కొత్త శాస్త్రీయ సంగీత విధానాన్ని ప్రకటిస్తూ బీబీసీ సింగర్స్‌ను మూసేస్తున్నామంది. 1924లో పుట్టిన బృందం అది. ఇంకో ఏడాదికి నూరేళ్లు నిండేవి. యూకేలో ఏడాది పొడుగునా జీతం మీద పాడే ఛాంబర్ క్వయర్ (కొద్దిమంది గాయకుల బృందం) అదొక్కటే. బీబీసీ సింఫనీ, కన్సర్ట్, ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాల్లోనూ జీతపు పోస్టులు 20 శాతం తగ్గిస్తామని అదే ప్రకటనలో ఉంది. తీరా మార్చి 24న మూసివేతను పక్కన పెట్టారు. మధ్యలో గడిచింది పదిహేడు రోజులే.

తెలిసినవాళ్లు మూడు సంగతులు విడమరిచి చెప్పండి. సింగర్స్‌లో పోయేవి ఇరవై పోస్టులే కదా, అవసరమైనప్పుడు ఫ్రీలాన్స్ గాయకులను పిలిస్తే ఏం పోతుంది? ఆగింది సంతకాల వల్లేనా? ఇలాంటి కోత మళ్లీ వస్తే బీబీసీని నడిపే టీవీ లైసెన్స్ ఫీజు కట్టే తెలుగువాళ్లు ఎవరికి, ఏమని రాయాలి?

మంద్రస్థాయి (జవాబు)

మొదటి ప్రశ్న తీసుకుంటాను. ఫ్రీలాన్సర్లు మంచి గాయకులు కారని ఎవరూ అనరు. లండన్‌లో స్వరలిపి చూడగానే పాడేసేవాళ్లకు కొదవ లేదు. తేడా గొంతులో లేదు, రోజూ అదే మనిషి పక్కన నిలబడి పాడటంలో ఉంది.

ఒక్క హల్లు చూడండి. ఇంగ్లిష్ మాటల చివర 'ట్' వస్తుంది. ఇరవై మంది తలో క్షణంలో 'ట్' అంటే మైకులో చిటపటలు వినిపిస్తాయి. అందుకని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటారు: స్వరం ఇంతవరకు సాగాలి, 'ట్' సరిగ్గా తర్వాతి విరామపు దెబ్బ మీద పడాలి అని. ఊపిరిదీ అంతే. పొడుగు వాక్యంలో పక్కపక్కనున్న ఇద్దరూ ఒకే చోట గాలి పీల్చకూడదు. మన పాటలో మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఈ బాధ మనకు అంతగా తెలియదు. ఎప్పటికీ వాళ్లే పాడే బృందంలో ఇందులో సగం గుర్తులు పెట్టకుండానే జరిగిపోతాయి. మనుషులు ప్రతిసారీ మారే బృందంలో మూడు గంటల సెషన్‌లో మొదటి గంట వీటికే పోతుంది.

రెండోది శ్రుతి. వాద్యాలు లేకుండా పాడుతుంటే బృందం మెల్లగా కిందికి జారుతుంది. ఒకే స్వరాన్ని పదేపదే పలికే చోట్ల, అంతర గాంధారం కాస్త తగ్గించి పాడే చోట్ల మరీను. కచేరీలో కొద్దిగా జారితే చాలామంది పట్టించుకోరు. రేడియో రికార్డింగ్‌లో అలా కుదరదు. మొదటిసారి పాడింది ఒక శ్రుతిలో ముగిసి, రెండోసారి పాడింది పావు స్వరం పైన మొదలైతే ఆ రెండింటినీ అతకలేరు, అతుకు చెవికి తగులుతుంది. అప్పుడు మొత్తం మళ్లీ పాడాలి. స్టూడియో, ఇంజనీరు, కండక్టర్ అందరి సమయమూ పెరుగుతుంది. ఫ్రీలాన్స్ అయితే చవక అనే లెక్కలో ఈ ఖర్చు కనబడదు.

మూడోది ఎంచుకునే సంగీతం. ఫ్రాన్స్ జర్మన్ ఆక్రమణలో ఉన్నప్పుడు ఫ్రెంచ్ స్వరకర్త పూలెంక్ రాసిన 'ఫిగ్యూర్ ఉమేన్' మొదటిసారి వినిపించింది 1945లో, లండన్‌లో, ఈ బీబీసీ క్వయర్ గొంతులోనే. అందులో ఆరేసి భాగాల క్వయర్లు రెండు, అంటే పన్నెండు వేర్వేరు వరుసలు. ఇరవై మందికి పంచితే వరుసకు ఇద్దరు కూడా రారు. ఒకరు తడబడితే దాచే పక్కవాడు ఉండడు. అంతకు పదకొండేళ్ల ముందు, 1934లో, ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ రాసిన 'ఎ బాయ్ వాజ్ బార్న్' కూడా వీళ్ల గొంతుతోనే మొదట ప్రసారమైంది. అప్పటికి బ్రిటెన్‌కు ఇరవై ఏళ్లు. పేరు రాని కుర్రవాడి కష్టమైన రచనను తీసుకుని సాధన చేసే ధైర్యం జీతం మీదున్న బృందానికి ఉంటుంది. టికెట్ల మీద బతికే బృందం అదే పని చేస్తే ఆ నెల అద్దెకు వెతుక్కోవాలి.

పోస్ట్‌కోడ్

రెండో ప్రశ్నకు వస్తే, సంతకాలు ముఖ్యమే. ఆన్‌లైన్ అర్జీ మీద లక్షన్నర దాటాయి. కానీ అవొక్కటే కాదు, ఒకేసారి నాలుగు వైపుల నుంచి ఒత్తిడి వచ్చింది.

స్వరకర్తలు 700 మందికి పైగా బహిరంగ లేఖ మీద సంతకం పెట్టారు. ఈ బృందం పోతే కొత్త రచనలకు ఏమవుతుందో పని తెలిసినవాళ్లే రాశారు కాబట్టి దాన్ని అభిమానుల గోల అని తోసెయ్యడానికి వీల్లేకపోయింది. రెండోది సంఘాలు: ఆర్కెస్ట్రాల తరఫున మ్యుజీషియన్స్ యూనియన్, గాయకుల తరఫున ఈక్విటీ. బ్రిటిష్ చట్టం ప్రకారం 90 రోజుల్లోపు ఒకే సంస్థలో 20 నుంచి 99 మందిని తీసెయ్యాలంటే మొదటి తొలగింపుకు కనీసం 30 రోజుల ముందు సంఘంతో సంప్రదింపులు మొదలవ్వాలి. 100 మంది, అంతకు మించి అయితే 45 రోజులు. ఊరికే చెప్పేసి ఊరుకుంటే చాలదు, తొలగింపులు తప్పించే దారి ఉందా అన్నది కూడా ఆ చర్చలో ఉండాలి. ముందే 'మూసేస్తున్నాం' అని చాటేసి తర్వాత సంప్రదిస్తామంటే యాజమాన్యానికి అక్కడే ఇబ్బంది.

మూడోది పత్రికలు, పార్లమెంటు సభ్యులు. నాలుగోది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది: వేరే దారిలో నిధులు చూద్దామంటూ బయటి సంస్థలు ముందుకు రావడం. మార్చి 24 ప్రకటన చదవండి. మూసివేతను రద్దు చేశామని అందులో లేదు. ప్రత్యామ్నాయ నిధుల మార్గాలు పరిశీలిస్తున్నందున నిలిపి ఉంచాం అని ఉంది. వెనక్కి తగ్గడానికి మర్యాదైన కారణం ఒకటి వాళ్లకు దొరికింది. 2024 మొదట్లో వోసెస్8 అనే గాయక బృందానికి చెందిన ఫౌండేషన్‌తో భాగస్వామ్యం ఖాయమయ్యాకే భవిష్యత్తు భద్రమని చెప్పారు. ఆ మధ్య కాలమంతా గాయకుల పరిస్థితి గాలిలో దీపమే. 'నిలిపి ఉంచాం' అన్న మాట వినగానే ఉద్యమం చల్లబడటం అన్నిచోట్లా జరిగే తప్పు.

పంచమం

వివరంగా చెప్పారు, ధన్యవాదాలండీ. ఒక్క సందేహం. బీబీసీ వాదనలో అసలు పస లేదంటారా? లైసెన్స్ ఫీజు 159 పౌండ్ల దగ్గర రెండేళ్లు ఆగిపోయింది, మరోపక్క ధరలు పెరిగిపోయాయి కదా.

పోస్ట్‌కోడ్

డబ్బు ఇబ్బంది నిజమే, దాన్ని కాదంటే మన మాట ఎవరూ వినరు. 2024 ఏప్రిల్‌లో 169.50 పౌండ్లు చేసేదాకా ఫీజు కదలలేదు. కానీ ఆ ప్రకటనలో వాళ్లు చెప్పింది డబ్బు మిగుల్చుకుంటామని మాత్రమే కాదు. దేశమంతటా ఇంకా ఎక్కువ క్వయర్లతో పనిచేస్తామనీ, సంగీత విద్యకు నిధులు రెట్టింపు చేస్తామనీ అన్నారు. అక్కడే పట్టుకోవాలి: పిల్లలకు పాట నేర్పేది ఎవరు? బడుల్లో శిక్షణకు వెళ్లే వృత్తి గాయకులను తీసేసి విద్యకు నిధులిస్తే ఆ డబ్బుతో పిలవాల్సింది మళ్లీ ఇలాంటివాళ్లనే.

రేడియోపెట్టె

ఇది ఒక్క బ్రిటన్ గొడవ కాదు. నెదర్లాండ్స్‌లో 2010లో వచ్చిన ప్రభుత్వం రేడియో సంగీత కేంద్రానికి నిధులు ఆపేస్తామంది. నిరసనల తర్వాత రేడియో క్వయర్ చిక్కిపోయి మిగిలింది కానీ రేడియో ఛాంబర్ ఫిల్‌హార్మోనిక్ 2013లో మూతపడింది. డెన్మార్క్ రేడియో 1939 నాటి తన వినోద ఆర్కెస్ట్రాను 2014 చివర రద్దు చేసింది. వాద్యకారులు ప్రజల చందాలతో అదే బృందాన్ని స్వతంత్రంగా నిలబెట్టారు. వియన్నాలో ఆస్ట్రియా ప్రసార సంస్థ ఓఆర్ఎఫ్ వారి రేడియో సింఫనీ మీద కత్తి వేలాడింది సరిగ్గా 2023 తొలి నెలల్లోనే, ప్రభుత్వం నిధులకు ఒప్పుకున్నాక అది నిలిచింది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది: డబ్బు ఎటు నుంచి వస్తుందో తేలినచోటే బృందం బతికింది.

మన ఆకాశవాణి నిలయ విద్వాంసుల వ్యవస్థ కూడా ఈ జాతిదే: జీతం మీద కళాకారులు, రోజూ సాధన, ప్రసారానికి కొత్త రచనలు. అక్కడ ప్రమాదం ఒక్క ప్రకటనతో రాదు. ఒకరు రిటైరైన చోట ఇంకొకరిని వెయ్యకపోతే చాలు. బృందగానంలో ఆరుగురు ఉండాల్సిన చోట నలుగురు, తర్వాత ఇద్దరు, ఆపైన క్యాజువల్ ఆర్టిస్టులు. మార్చి 7 లాంటి తేదీ ఉండదు కాబట్టి ఎవరి మీద అర్జీ పెట్టాలో కూడా తెలియదు. అలాంటి చోట అడగాల్సింది: మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఏ ఏడాది నుంచి? ఆర్టీఐ దరఖాస్తుకు కేంద్ర సంస్థల్లో 10 రూపాయల రుసుము, 30 రోజుల గడువు.

పోస్ట్‌కోడ్

మూడో ప్రశ్నకు, యూకేలో ఉన్నవాళ్ల కోసం.

ఎంపీకి రాసేటప్పుడు ఇంటి చిరునామా, పోస్ట్‌కోడ్ తప్పకుండా రాయండి. లేకపోతే మీరు ఆ నియోజకవర్గం వాళ్లో కాదో తెలియక పక్కన పెట్టేస్తారు. భారత పాస్‌పోర్టు మీద ఉన్నా, అక్కడ చట్టబద్ధంగా నివసిస్తుంటే కామన్వెల్త్ పౌరులుగా పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంటుంది, ముందు పేరు నమోదు చేయించుకోవాలి. ఓటరు రాసిన ఉత్తరం అని వాళ్లకు తెలియాలి.

పార్లమెంటు అర్జీల వెబ్‌సైట్‌లో 10,000 సంతకాలకు ప్రభుత్వ సమాధానం, 100,000కు చర్చకు పరిశీలన ఉన్న మాట నిజమే. కానీ అడిగే పని ప్రభుత్వం లేదా పార్లమెంటు చేతిలో ఉన్నదై ఉండాలి. బీబీసీ ఏ బృందాన్ని ఉంచాలన్నది అలాంటిది కాదు, కాబట్టి తిరస్కరిస్తారు. ఫీజు గురించో, బీబీసీకి ఆధారమై 2027 డిసెంబర్ 31తో ముగిసే రాయల్ చార్టర్ గురించో అడిగితే మాత్రం ప్రభుత్వ పరిధిలోకి వస్తుంది. కొత్త చార్టర్‌లో ప్రదర్శన బృందాల సంగతి స్పష్టంగా రాయించమని అడగండి.

అక్కడి సమాచార హక్కు చట్టం కింద ఒక్కో కచేరీ ఖర్చు అడిగితే మాత్రం నిరాశే. కళ, పత్రికా రచన, సాహిత్యం కోసం ఉంచుకున్న సమాచారానికి ఆ చట్టం వర్తించదని బీబీసీ తోసిపుచ్చగలదు. వార్షిక నివేదికలో ఆర్కెస్ట్రాలు, ప్రదర్శన బృందాల ఖర్చు కలిపి ఒక పద్దుగా ఉంటుంది, ముందు అది చూడండి.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఒకే నమూనాను వంద మంది పంపితే ఒక ఉత్తరం కిందే లెక్క. మొదటి వాక్యంలోనే మీరు కోరేది చెప్పి, మధ్యలో మీ ఊళ్లో ఆ బృందం పాడిన ఒక్క కచేరీ పేరు, తేదీ రాయండి. చివర సమాధానం చెప్పక తప్పని ప్రశ్న ఒకటి పెట్టండి, ఉదాహరణకు: 'ఈ ఇరవై మంది ఏడాదిలో పాడిన ప్రసారాలన్నీ ఫ్రీలాన్సర్లతో పాడిస్తే ఎంత అవుతుందో లెక్క కట్టారా? కడితే ఆ అంకె ఎంత?'